విండోస్ 10 లోనే ఉండాలా, 11 వేయించాలా, లైనక్స్‌కి మారాలా: ఇంట్లో పాత సిస్టం ఉన్నవాళ్ల కోసం

విండోస్ 10 కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అయినా ఇళ్లల్లో బోలెడు సిస్టంలు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి, ఆ తేదీ దాటితే సిస్టం లాక్ అయిపోతుందని కొంతమంది తెగ భయపెట్టారు గానీ అలాంటిదేం లేదు. ఆగిపోయింది నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే విండోస్‌లో బయటపడ్డ లోపాల్ని పూడ్చే అప్‌డేట్లు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ దాకా వస్తుంది, ఎడ్జ్ బ్రౌజర్‌కి కూడా కనీసం అప్పటిదాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు. అందుకే చాలామందికి "ఏం మారలేదు కదా, ఇప్పుడెందుకు కెలకడం" అనిపిస్తుంది, ఆ అనుమానంలో న్యాయం ఉంది.

కానీ "మనింట్లో సిస్టంని ఎవడు హ్యాక్ చేస్తాడండీ, అందులో ఏముందని" అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. 2017 మేలో వానాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు అది ఎవరినీ ఏరుకుని పట్టుకోలేదు, నెట్‌వర్క్‌లో ప్యాచ్ పడని విండోస్ ఎక్కడ కనబడితే అక్కడ దూరిపోయి ఫైళ్లన్నీ తాళం వేసేసింది, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే ప్యాచ్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చేసింది, వేసుకోనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు. ఇప్పుడు విండోస్ 10 ని అలాగే వదిలేస్తే వేసుకోవడానికి ప్యాచే ఉండదు, తేడా అదీ.

ఇంకో సంగతి, "మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, వెంటనే ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని స్క్రీన్ అంతా నిండిపోయేలా బొమ్మ వస్తే అది పచ్చి మోసం. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లో ఎప్పుడూ ఫోన్ నంబర్ ఇవ్వదు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కళ్లే సిస్టం వాడుతుంటే ముందు ఈ ముక్క వాళ్లకి చెప్పండి, అప్‌గ్రేడ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు మీ ప్రాసెసర్ ఏంటో చూడండి

చర్చంతా దీని మీదే ఆధారపడి ఉంది, ఇది తెలియకుండా ఎవరు సలహా ఇచ్చినా వినకండి. విండోస్ 11 కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇవన్నీ ఉన్నా ప్రాసెసర్ వాళ్ల లిస్టులో లేకపోతే కుదరదంటుంది. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జెనరేషన్ నుంచి ఓకే. సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో అబౌట్ ఓపెన్ చేస్తే ప్రాసెసర్ పేరు కనబడుతుంది, ఐ3-6006యూ అంటే 6వ జెన్, ఐ5-7200యూ అంటే 7వది, ఐ5-8250యూ అంటే 8వది, ఐ3-1005జీ1 అంటే 10వది. ఐ5, ఐ7 అనేది చూసి మోసపోవద్దు, 2015 నాటి ఐ7 కి కుదరదు, 2020 నాటి ఐ3 కి కుదురుతుంది. ఏఎండీ అయితే నంబర్ చూసి లెక్క వేయడం కష్టం, రైజెన్ 5 2600 కి ఓకే గానీ పేరులో అదే 2000 సిరీస్ ఉన్న 2500యూ కి కాదు, అందుకని మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అని చిన్న ప్రోగ్రాం ఉంది, అది దింపి ఒకసారి నడిపితే అదే చెప్పేస్తుంది.

అది కుదరదు అన్నంత మాత్రాన కూడా ఆశ వదిలేయక్కర్లేదు. అసెంబుల్డ్ సిస్టంలలో ఇది చాలా కామన్, ప్రాసెసర్ 8వదో 9వదో ఉంటుంది గానీ బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందే వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లో, టీపీఎం ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అంటారు, ఏఎండీ వాటిల్లో ఎఫ్‌టీపీఎం అంటారు, బయోస్‌లోకి వెళ్లి ఎనేబుల్ చేస్తే అంతే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి tpm.msc అని కొడితే ఉందో లేదో, ఉంటే ఏ వెర్షనో కనబడుతుంది. దీనికి బదులు షాపు అబ్బాయి "మదర్‌బోర్డే మార్చాలి సార్" అన్నాడంటే ఇంకో షాపుకి వెళ్లండి.

11 కి అర్హత ఉన్నా హార్డ్ డిస్క్ సంగతి తేల్చాకే

నా ఉద్దేశంలో మన దగ్గర ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. కరోనా టైంలో ఆన్‌లైన్ క్లాసుల కోసమని చాలామంది ల్యాప్‌టాప్‌లు కొన్నారు, వాటిల్లో 10వ జెన్ ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ అనే కాంబినేషన్ తెగ అమ్ముడుపోయింది, 1 టీబీ అనగానే పెద్ద నంబర్ కదా మనవాళ్లకి బాగా నచ్చింది. ఈ ల్యాప్‌టాప్‌లన్నీ విండోస్ 11 కి అర్హతున్నవే, అప్‌డేట్ పేజీలో "డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్" అని ఊరిస్తూ ఉంటుంది, నొక్కేస్తారు, గంటలు గంటలు తిరుగుతుంది, ఆ తర్వాత సిస్టం ఆన్ చేసి టీ పెట్టుకుని తాగి వచ్చినా ఇంకా హ్యాంగ్ అయ్యే ఉంటుంది, అప్పుడు "విండోస్ 11 దరిద్రం" అని తిట్టుకుంటూ షాపుకెళ్లి మళ్లీ 10 కి ఫార్మాట్ కొట్టించుకుంటారు. తప్పు 11 ది కొంతే, ఎక్కువ తప్పు తిరిగే హార్డ్ డిస్క్‌ది. అదే సిస్టంలో విండోస్ 10 కూడా నత్తనడకే, మనకి అలవాటైపోయింది అంతే.

కాబట్టి హార్డ్ డిస్క్ మీద నడుస్తున్న సిస్టం అయితే ముందు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించండి, ఆ తర్వాతే 11 గురించి ఆలోచించండి. 256 జీబీ చాలు, ఆ పాత 1 టీబీ డిస్క్‌ని పారేయక్కర్లేదు, చిన్న యూఎస్‌బీ కేసులో పెట్టి ఫోటోలకి వాడుకోవచ్చు. మీ ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ ఉందా, లేక 2.5 అంగుళాల సాటా ఒక్కటేనా అన్నది మోడల్ నంబర్ కొట్టి చూసుకుని వెళ్లండి, లేకపోతే షాపులో ఏది ఉంటే అది అంటగడతారు. ర్యామ్ కూడా 4 ఉంటే 8 చేస్తే మంచిది, కాకపోతే 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, డబ్బులు ఒక్కదానికే ఉంటే కళ్లు మూసుకుని ఎస్ఎస్‌డీకే పెట్టండి. సెలరాన్ ఎన్4020, 4 జీబీ, 64 జీబీ ఈఎంఎంసీ అనే చిన్న ల్యాప్‌టాప్‌లు ఇంకో రకం, లిస్టు ప్రకారం వీటికీ 11 కుదురుతుంది గానీ స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం, ప్రతి పెద్ద అప్‌డేట్‌కీ జాగా చాలట్లేదని గొడవ. వీటిని నేనైతే 11 కి పంపను, కింద చెప్పే లైనక్సో క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్సో, అంటే విండోస్ బదులు వేసుకునే వేరే ఆపరేటింగ్ సిస్టం (ఓఎస్), చూస్తాను.

8వ జెన్ ఆ పైన, ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్, ఈ మూడూ ఉన్నవాళ్లకి పెద్దగా ఆలోచించాల్సింది లేదు. 11 కి వెళ్లిపోండి. ఒరిజినల్ విండోస్ 10 ఉంటే అప్‌గ్రేడ్ ఫ్రీ, ఫైళ్లు ప్రోగ్రాంలు ఎక్కడివక్కడే ఉంటాయి, హోం సింగిల్ లాంగ్వేజ్ ఉంటే అదే ఎడిషన్ 11 లో వస్తుంది. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చేస్తుంది, సెట్టింగ్స్‌లో ఎడమకి జరుపుకోవచ్చు. రైట్ క్లిక్ చేస్తే సగం ఆప్షన్లే కనబడతాయి, మిగతావి "షో మోర్ ఆప్షన్స్" కింద దాచారు, ఇది మాత్రం నిజంగా చిరాకే, వారంలో అలవాటు పడతారు.

అయితే ఒక్కటి జాగ్రత్త, దీని గురించి ఎవరూ చెప్పరు. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 ని కొత్తగా, అంటే ఫార్మాట్ చేసి ఎక్కించి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు తాళం పడిపోతుంది, చాలా సిస్టంలలో మనల్ని అడగదు కూడా. రికవరీ కీ, 48 అంకెలది, ఆ అకౌంట్‌లో సేవ్ అవుతుంది. ఇప్పుడు మన షాపుల్లో ఏం జరుగుతుందంటే, సెటప్‌లో మెయిల్ అడుగుతుంది కాబట్టి ఆ అబ్బాయి తన దగ్గరున్న ఏదో ఒక అకౌంట్ కొట్టేసి పని కానిచ్చేస్తాడు, ఆర్నెల్లకో ఏడాదికో బయోస్ అప్‌డేట్ అయ్యో బోర్డు రిపేర్‌కి వెళ్లో వస్తే నీలం స్క్రీన్ మీద ఆ కీ అడుగుతుంది, ఆ అకౌంట్ ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. పెళ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. అందుకని షాపులో వేయించినా సరే, మెయిల్ మీదే ఇవ్వండి, పాస్‌వర్డ్ మీరే దగ్గరుండి కొట్టండి, ఇంటికొచ్చాక రికవరీ కీ ఎక్కడుందో అకౌంట్‌లో చూసి ఒక కాగితం మీద రాసి దాచండి. ఈ తలనొప్పి వద్దు అనుకుంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసుకోవచ్చు, ఇంట్లోనే ఉండే డెస్క్‌టాప్‌కి నాకైతే అదే నయం అనిపిస్తుంది, బయట తిప్పే ల్యాప్‌టాప్‌కి మాత్రం ఆన్ ఉంచండి.

6, 7 జెన్ అంతకంటే పాతవి ఉన్నవాళ్లకి దారులు

అన్నిటికంటే తక్కువ కష్టం ఈఎస్‌యూ, అంటే విండోస్ 10 కే ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు, 2026 అక్టోబర్ 13 దాకా. దీనికి 30 డాలర్లు అని చదివి చాలామంది వదిలేశారు గానీ ఫ్రీ దారి ఉంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యి విండోస్ బ్యాకప్‌లో సెట్టింగ్స్ సింక్ ఆన్ చేస్తే చాలు, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు ఉన్నా ఇస్తారు. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, లేకపోతే ముందు దానికి అప్‌డేట్ అవ్వాలి. బ్యాకప్ ఆన్ చేసేటప్పుడు డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లకి టిక్ తీసేయండి, సెట్టింగ్స్ ఒక్కటే చాలు, లేకపోతే వన్‌డ్రైవ్‌లో ఫ్రీగా ఇచ్చే 5 జీబీ పూటలో నిండిపోయి డబ్బులు కట్టమని రోజూ గోల. ఈఎస్‌యూలో కొత్త ఫీచర్లు ఏమీ రావు, టైం దొరుకుతుందంతే, కొత్త సిస్టం కొనడానికి డబ్బులు కూడేసుకునేదాకా ఇది బ్రహ్మాండం.

రెండోది, అర్హత లేకపోయినా 11 ని బలవంతంగా ఎక్కించడం. రూఫస్ అనే ఫ్రీ ప్రోగ్రాంతో విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ చేసి టీపీఎం చెకింగ్ తీసేస్తే ఎక్కుతుంది, యూట్యూబ్ నిండా ఇవే వీడియోలు. మైక్రోసాఫ్ట్ మాత్రం ఇలాంటి సిస్టంలకి అప్‌డేట్లు వస్తాయని గ్యారంటీ లేదని ముందే చెప్పింది, నెలవారీవి వస్తూనే ఉంటాయి గానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌కి మళ్లీ ఇదే తతంగం మనమే చేసుకోవాలి. కోర్ 2 డ్యూయో లాంటి మరీ పాతవాటికి అదీ లేదు, 24హెచ్2 నుంచి ప్రాసెసర్‌లో కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు లేకపోతే అసలు బూటే అవ్వదు. మీకు ఇలాంటి పనులు సరదా అయితే, 7వ జెన్, ఎస్ఎస్‌డీ ఉంటే, చేసుకోండి, బానే నడుస్తుంది. ఊళ్లో అమ్మానాన్న వాడే సిస్టంకి మాత్రం వద్దు, ఎందుకంటే మీరు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని అది బూట్ అవ్వనప్పుడు రిమోట్‌లో ఏం చేయలేరు.

మూడోది లైనక్స్. కొత్తవాళ్లకి మింట్ అనే రకమే చెప్తాను, చూడ్డానికి విండోస్‌లాగే కింద బార్, ఎడమ మూల మెనూ ఉంటుంది, 22 సిరీస్‌కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లున్నాయి, ఫ్రీ. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టం మీద విండోస్ కంటే హాయిగా నడుస్తుంది, ఇంకా తేలిగ్గా కావాలంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఎడిషన్ తీసుకోండి. దీంట్లో గొప్ప విషయం ఏంటంటే ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా అన్నీ చూసుకోవచ్చు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే మీ విండోస్ అలాగే ఉంటుంది. యూట్యూబ్, మెయిల్, వాట్సాప్ వెబ్, వీడియో కాల్స్, బ్యాంకు సైట్లు, పిల్లలకి పైథాన్ నేర్చుకోవడం, వీటికి ఏ లోటూ ఉండదు.

క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ గురించి ఎక్కువ చెప్పను, బ్రౌజర్ తప్ప ఇంకేమీ వాడనివాళ్లకి బాగుంటుంది, ప్లే స్టోర్ యాప్స్ రావు, ఎక్కించేటప్పుడు డిస్క్ మొత్తం తుడిచేస్తుంది.

మీ పని ఏంటో దాన్నిబట్టి

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒకెత్తు, మీకు తప్పనిసరిగా నడవాల్సిన ఆ ఒక్క ప్రోగ్రామో ప్రింటరో ఒకెత్తు. నిర్ణయం అక్కడే తేలిపోతుంది.

ట్యాలీ, జీఎస్టీ పనికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, ఆధార్ వేలిముద్ర మెషిన్ ఇలాంటివి ఉంటే లైనక్స్ మాట మర్చిపోండి, ట్యాలీ విండోస్ ప్రోగ్రాం, మిగతా రెండిటికీ ఇక్కడ అమ్మేవాళ్లు, సపోర్ట్ చేసేవాళ్లు అందరూ విండోసే లెక్కలో పెట్టుకుంటారు. 11 కి వెళ్లేముందు ఆ కంపెనీ సైట్‌లో 11 డ్రైవర్ దింపి రెడీగా పెట్టుకోండి.

క్యానన్ ఎల్‌బీపీ2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, ఈ రెండు ప్రింటర్లు లేని వీధి ఉండదు మన దగ్గర. 64 బిట్ డ్రైవర్‌తో విండోస్ 11 లో రెండూ పనిచేస్తాయి. లైనక్స్‌లో 1020 కొంచెం కుస్తీ పడితే వస్తుంది, 2900 మాత్రం ఏడిపిస్తుంది, అది ఉన్నవాళ్లు పెన్‌డ్రైవ్ టెస్ట్ చేయకుండా మింట్ ఎక్కించొద్దు.

డీటీపీ చేసేవాళ్లు, అను స్క్రిప్ట్ మేనేజర్, పాత పేజ్‌మేకర్‌తో పెళ్లి కార్డులు, కరపత్రాలు కొట్టేవాళ్లు, ఆ సిస్టంని కదపకండి. నేనైతే దాన్ని ఇంటర్నెట్ నుంచి పీకేసి విండోస్ 10 తోనో, ఇంకా 7 ఉంటే 7 తోనో అలాగే ఉంచి, నెట్ పనికి వేరే సిస్టం పెట్టుకోమంటాను. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ తిప్పుతారు కాబట్టి వాటిని నెట్ ఉన్న సిస్టంలో స్కాన్ చేశాకే ఇందులో పెట్టండి.

కిరాణా షాపుల్లో, మెడికల్ షాపుల్లో ఇంకా అక్కడక్కడా డాస్ ఫాక్స్‌ప్రోలో రాసిన పాత బిల్లింగ్ కనబడుతుంది. అది 32 బిట్ విండోస్ మీద మాత్రమే నేరుగా నడుస్తుంది, విండోస్ 11 కి 32 బిట్ ఎడిషనే లేదు. అప్‌గ్రేడ్ చేస్తే మర్నాడు పొద్దున్నే కౌంటర్ దగ్గర బిల్లు రాదు. వీళ్లు ముందు బిల్లింగ్ మార్చుకోవాలి, ఓఎస్ తర్వాత.

మామూలుగా యూనికోడ్‌లో తెలుగు రాసుకునేవాళ్లకి ఎక్కడైనా ఇబ్బంది లేదు. విండోస్‌లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ లోపలే ఉంది, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో యాడ్ చేసుకుంటే చాలు, గూగుల్ ఎప్పుడో ఆపేసిన పాత ఇన్‌పుట్ టూల్‌ని ఏవేవో సైట్లలోంచి దింపుకోవడం మానేయండి, దాంతోపాటు ఏమొస్తుందో తెలీదు. ఫార్మాట్ చేశాక పాత వర్డ్ ఫైళ్లలో గౌతమి, వాణి ఫాంట్లు కనబడకపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, దాన్ని వేసుకోండి. లైనక్స్‌లో ఐబస్ అనే దాంతో ఫొనెటిక్ టైపింగ్ వస్తుంది, మండలి, రామభద్ర లాంటి ఫ్రీ ఫాంట్లు అక్కడా పనిచేస్తాయి.

మీది క్రాక్ విండోస్ అయితే, అసెంబుల్డ్ సిస్టంలలో ఇది మామూలే, యాక్టివేటర్ నడపడానికి డిఫెండర్ ఆఫ్ చేసి ఉంచుతారు, అప్‌డేట్లు కూడా ఆపేసి ఉంటారు. అలాంటప్పుడు 10 మంచిదా 11 మంచిదా అనే చర్చకే అర్థం లేదు, ఆ సిస్టంలో బ్యాంకు లాగిన్ చేయడమే రిస్క్. లైసెన్స్ కొనండి లేదా మింట్ వేసుకోండి.

కొత్తది కొనాలనుకుంటే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనో మీ ఊళ్లోనో కంపెనీల నుంచి లీజు అయిపోయి వచ్చిన రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి, థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి, ఇంటి పనికి బంగారంలా ఉంటాయి. కాకపోతే "విండోస్ 11 ఉంది సార్" అని ఆన్ చేసి చూపిస్తారు, అది రూఫస్‌తో ఎక్కించిందో, నిజంగా అర్హత ఉందో మనకి తెలీదు. ఒకే మోడల్ పేరు మీద 7వ జెన్, 8వ జెన్ రెండూ వచ్చినవి ఉన్నాయి, కాబట్టి మోడల్ పేరు కాదు, అబౌట్ పేజీలో ప్రాసెసర్ నంబర్ చూసి, యాక్టివేషన్ చూసి, బ్యాటరీ అడిగి డబ్బులివ్వండి.

ఎప్పుడు చేయాలి అంటే, ఇంట్లో ఎవరైనా ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టుకునే టైం, ఐటీ రిటర్న్ గడువు, ఇలాంటివి ఉన్నప్పుడు వద్దు. ముందు ఫోటోలు, డాక్యుమెంట్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఆ కాపీ వేరే సిస్టంలో ఓపెన్ అవుతుందో లేదో చూసుకుని, కరెంటు పోయే టైం కాకుండా, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి మొదలుపెట్టండి. 11 కి అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి గో బ్యాక్ నొక్కితే 10 మళ్లీ వస్తుంది, ఆ పది రోజుల్లో ప్రింటర్, స్కానర్, సిగ్నేచర్ టోకెన్, ట్యాలీ అన్నీ ఒక్కోసారైనా నడిపి చూడండి, డిస్క్ క్లీనప్‌లో "పాత విండోస్ ఫైళ్లు 20 జీబీ" అని కనబడితే జాగా వస్తుంది కదా అని తుడిచేయకండి, గో బ్యాక్ నడిచేది వాటితోనే.